నింద కడుపు మీద, జబ్బు గొంతులో

మేము చదివింది అరవ బడిలో. తెలుగు అక్షరాలు రైల్వే ఉద్యోగం అయినాక దిద్దుకున్నాము. తప్పులుంటే మన్నించండి.

మా ఇంటావిడకు ఆరేళ్ళు మలబద్ధకము. భేదిమాత్ర, ఆముదము, ఇసబ్‌గోల్ అన్నీ అయినాయి. రెండు ముద్దలకే కడుపు ఉబ్బేది, అయినా ఒళ్ళు వచ్చింది. "కూర్చుని తింటే అంతే" అన్నవాళ్ళలో మేమూ ఉన్నాము. కడకు ఒక డాక్టరమ్మ టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించి, లోపం గొంతు దగ్గరి థైరాయిడ్‌లో ఉందన్నారు. ఆ గ్రంథి రసం తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది. తిన్నది పెద్దపేగులో చాలాసేపు నిలిచి, నీరంతా ఇంకి గట్టిపడుతుంది. మా రైల్వే మాటల్లో చెప్పాలంటే, పట్టాలు బాగానే ఉన్నాయి, సిగ్నల్ పడలేదు, గూడ్సు నిలిచిపోయింది.

వైద్యులకూ ఇది నిదానంగానే తెలిసింది. 1873లో లండన్‌లో విలియం గల్, నడివయసు ఆడవాళ్ళలో ముఖం ఉబ్బి, మాట మందగించే జబ్బును వర్ణించాడు. కారణం తెలియదు. 1883లో స్విట్జర్లాండ్ సర్జన్ కోఖర్, గొంతువాపుకు తాను గ్రంథి మొత్తం తీసేసినవాళ్ళు తరువాత మందకొడిగా మారిపోయారని తానే బయటపెట్టాడు. తన కత్తి వల్ల వచ్చిన కీడును చెప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! 1891లో ఇంగ్లాండ్‌లో జార్జ్ ముర్రే, 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం సూదితో ఎక్కించాడు. ఆమె 74 ఏళ్ళు బతికింది. అందుకు 870 పైచిలుకు గొర్రెల గ్రంథులు పట్టాయట. 1914లో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1927లో దాన్ని గొర్రెతో పనిలేకుండా తయారుచేశారు.

మనవాడు ఒకరున్నారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయొడిన్ ఉప్పు ఇప్పించి, గొంతువాపు తగ్గుతుందని చూపించారు. మా ఇంట్లో ఉప్పుకు కొరత లేదు. ఆమెది ఒంటి రక్షణశక్తే గ్రంథిని దెబ్బతీసే రకము. దాన్ని 1912లో జపాన్ డాక్టర్ హషిమోటో వర్ణించాడు.

మాత్ర రాశారు, ఎలా వేసుకోవాలో చీటీలో లేదు. మన ఇళ్ళలో లేవగానే ఫిల్టర్ కాఫీ కదా, ఆమె దానితోనే మింగింది. నాలుగు నెలలైనా రక్తంలో అంకె దిగలేదు, కడుపూ కదలలేదు. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదట. పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. అందరి మలబద్ధకమూ థైరాయిడ్ కాదు. అయితే ఏళ్ళ తరబడి భేదిమాత్ర మింగే అక్కచెల్లెళ్ళు ఒకసారి ఆ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.

ఇప్పుడు అయిదున్నరకు మాత్ర, ఆరున్నరకు కాఫీ. గడియారం చూసేది మేమే.