‘ఫిరంగి’ పేరు - గండికోట సాక్ష్యం: ఒక పరిశీలన

కీలక పదాలు: ఫిరంగి, వాడుక పేర్లు, గండికోట, మీర్ జుమ్లా, తావెర్నియే

1. ఉపోద్ఘాతం

ఆయుధానికి తరచుగా రెండు పేర్లు ఉంటాయి. ఒకటి దాన్ని చేయించిన ప్రభువు పెట్టిన పేరు. రెండవది దాన్ని మోసి, మందు దట్టించి, పేల్చిన సైనికుల నోట పుట్టిన పేరు. మొదటిది లోహం మీదనో దస్త్రాలలోనో నిలుస్తుంది కనుక చరిత్రకారునికి సులభంగా దొరుకుతుంది. రెండవది మాటలోనే బతకాలి. బ్రిటిష్ దస్త్రాలలో ‘లాండ్ పాటర్న్ మస్కెట్’ అయిన తుపాకి సైనికులకు ‘బ్రౌన్ బెస్’. మొదటి ప్రపంచ యుద్ధంలో క్రుప్ సంస్థ తయారుచేసిన 42 సెంటీమీటర్ల జర్మన్ శతఘ్నికి ఆ సంస్థ యజమానురాలి పేరు మీద ‘బిగ్ బెర్తా’ అన్న పేరు వచ్చింది. తెలుగులో ‘ఫిరంగి’ కూడా మూలంలో ఇటువంటి వాడుక పేరే. ఆ పేరు దేనికి సాక్ష్యమవుతుంది, దేనికి కాదు అన్నది కడప జిల్లా జమ్మలమడుగు సమీపంలోని గండికోట ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రభువులు పెట్టిన పేర్లు

దక్కను కోటలలోని పెద్ద ఫిరంగుల పేర్లు రాజసాన్ని చాటుతాయి. 1549లో ముహమ్మద్ బిన్ హసన్ రూమీ పోతపోసిన బీజాపూరు ఫిరంగి ‘మాలిక్-ఇ-మైదాన్’, అంటే రణరంగాధిపతి. గోల్కొండలో ఔరంగజేబు కాలపు ఫిరంగులు ‘ఫతే రహ్‌బర్’ (విజయ మార్గదర్శి), ‘అజ్‌దహా పైకర్’ (మహాసర్పాకృతి). ఇవి పారశీక శాసనభాషకు చెందిన పేర్లు. ఒక్కొక్కటి ఒకే ఫిరంగికి పరిమితమైన సంజ్ఞానామం. అందువల్ల ఇవేవీ సామాన్య నామాలుగా మారలేదు.

3. వాడుకలో పుట్టిన పేర్లు

సైనికుల వాడుక వేరు. ఆయుధాన్ని ఎవరు మోస్తారు, అది ఎలా మోగుతుంది, ఎక్కడినుంచి వచ్చింది అన్నవే అక్కడ పేరుకు ఆధారాలు. ‘ఐన్-ఇ-అక్బరీ’ పేర్కొన్న ‘గజనాళ్’ ఏనుగు మోసేది, ‘నర్‌నాళ్’ మనిషి మోసేది. ఒంటె మీద అమర్చే చిన్న ఫిరంగి ‘జంబూరక్’. పారశీకంలో ‘జంబూర్’ అంటే కందిరీగ.

‘ఫిరంగి’ మూడవ తరగతికి చెందుతుంది. ఐరోపా వారిని సూచించే ‘ఫరంగ్’ నుంచి వచ్చిన ఈ మాట ఆయుధార్థంలో ‘బాబర్‌నామా’లోని 1526 పానిపట్టు యుద్ధ వర్ణనలోనే కనిపిస్తుంది. కనుక ఇది తెలుగువారు కల్పించిన పేరు కాదు. అయితే దీని గతి భాషను బట్టి మారింది. హిందీలో ‘తోప్’ ఆయుధం పేరుగా స్థిరపడగా, ‘ఫిరంగీ’ విదేశీయునికే మిగిలింది. మరాఠీలో అది ఐరోపా అలుగుతో చేసిన కత్తికి పేరైంది. తెలుగు, కన్నడాలలో ‘ఫిరంగి’, తమిళంలో ‘పీరంగి’ ఆయుధానికే సామాన్య నామాలయ్యాయి. నేటి తెలుగు పాఠకునికి ఈ మాటలో విదేశీయుడు వినిపించడు. తెలుగులో ఆ జాడ ‘పరంగిచెక్క’ వంటి మాటలలో మిగిలింది.

4. గండికోట సాక్ష్యం

ఫిరంగి పనిలో ఐరోపావాడు నేరుగా కనిపించే ఘట్టం గండికోటలో ఉంది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుంచి వశపరచుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఆయనను కలుసుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో అతడు ఒక ఫ్రెంచి పనివాని ఉదంతం చెప్పాడు. మెయ్యే అనే ఆ వ్యక్తికి 20 ఫిరంగులు పోతపోసే పని అప్పగించారు. రాగి కోసం ఆలయాల విగ్రహాలను తెప్పించి కరిగించారు. అయితే తావెర్నియే కథనం ప్రకారం ఒక్క ఫిరంగి కూడా సరిగా తయారు కాలేదు.

గండికోట ఆలయానికి చెందిన కొన్ని విగ్రహాలు ఎంతకూ కరగలేదని కూడా అతడు రాశాడు. దీనిని జరిగిన సంగతిగా కాక, ఆనాడు వినవచ్చిన కథగా గ్రహించడం ఉచితం. ఆలయ సంపద యుద్ధసామగ్రిగా మారుతున్న వేళ స్థానికుల వేదన అందులో ధ్వనిస్తుంది.

పేరును బట్టి చూస్తే ఫిరంగి ఫరంగీల పనితనం. గండికోటలో ఆ ఫరంగీ పని విఫలమైంది. ‘మాలిక్-ఇ-మైదాన్’ను పోతపోసినవాడు ‘రూమీ’, అంటే తురుష్క సామ్రాజ్య ప్రాంతీయుడు. గోల్కొండ ఫిరంగుల శాసనాలలోని పోతగాని పేరు ముహమ్మద్ అలీ అరబ్. ఈ ముగ్గురి వెనుకా కొలిమి నడిపిన స్థానిక కమ్మరులు, కంచరులు ఏ పేరులోనూ కనిపించరు.

5. ముగింపు

వాడుక పేరు ఒక ఆయుధాన్ని జనం ఎలా చూశారో చెబుతుంది. దాన్ని ఎవరు చేశారో చెప్పదు. ‘ఫిరంగి’ అన్న పదాన్ని ఆధారం చేసుకొని దక్షిణాదిలో ఫిరంగి విద్య అంతా ఐరోపావారి దానమని నిర్ణయించడం అందువల్ల తొందరపాటు అవుతుంది. మరోవైపు, శాసనస్థమైన పేర్లను మాత్రమే పట్టికలకెక్కించి, నిఘంటువులలోనూ మాండలికాలలోనూ ఉన్న పేర్లను వదిలివేస్తే సైనికుని చూపు చరిత్రకు అందదు. ‘మాలిక్-ఇ-మైదాన్’ బీజాపూరు బురుజు మీదనే ఉండిపోయింది. సిపాయిల నోట నలిగిన ‘ఫిరంగి’ తెలుగు పదకోశంలో చేరింది. ఆయుధ చరిత్ర రాసేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకదానితో మరొకదాన్ని సరిచూడాలి.