లేఖల స్థానమును లేఖల నామమును

భద్రాచలమునకు దిగువనున్న రేకపల్లి మన్నెమును గూర్చి చరిత్ర వ్రాయబూనువానికి మొట్టమొదట నెదురగు చిక్కు, ఆ సీమ ఉన్నచోటనే యుండి పలుమాఱులు జిల్లా మార్చుకొనుట. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874 వఱకు మధ్యపరగణాల యెగువ గోదావరి జిల్లాకు జేరియుండి, ఆ యేట చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాలో గలుపబడెను. 1959లో తూర్పుగోదావరినుండి విడివడి యా సీమ ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో రేకపల్లి గల వరరామచంద్రపురము మండలము పోలవరపు నిర్మాణము కారణముగా ఆంధ్రప్రదేశమున జేరెను. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణముననే నిలిచి, 2016లో నేర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు జెందెను.

ఈ మార్పులు చరిత్రకారునకు పట్టనివి కావు. 1879 నాటి రంప పితూరీ రేకపల్లికి వ్యాపించుటకు గల కారణములలో, ఆ సీమ చెన్నరాజధానికి మాఱిన పిదప పోడుపన్ను దాదాపు మూడింతలగుటను, కొన్ని యడవులలో పోడు నిషేధింపబడుటను హెమింగ్‌వే తన గోదావరి జిల్లా గెజిటీరులో (1907) బేర్కొనెను. ఈ మాటను పరీక్షింపవలెనన్నచో పూర్వపు దరను మధ్యపరగణాల కాగితములందును, తరువాతి దరను చెన్నపురి కాగితములందును జూడవలెను. అట్టివాడు తన టిప్పణమున “ఫలానా కచ్చేరి, ఫలానా కట్ట” యని మాత్రము వ్రాసికొన్నచో, కట్ట తరలినంతనే యా గుఱుతు వ్యర్థమగును. ఉత్తరువు సంఖ్యయు తేదియు వ్రాసికొన్నచో కాగితమెచ్చటికి బోయినను వెదకవచ్చును.

నేడు పరిశోధకుల యుత్తరప్రత్యుత్తరములు చాలవఱకు ఈమెయిలున నడచుచున్నవి. శాసనపు ఛాయాచిత్రము, కోయపదమున కర్థము, ఒక తేదీని గూర్చిన వివాదము, అన్నియు నందే వచ్చును. టిప్పణములు వేఱొకచోట సాదా పాఠపు దస్త్రములలో నుండును. ఒకదానినుండి మఱియొకదానికి దారి వేయుట యెట్లు? దస్త్రమున్న స్థానమును వ్రాసికొందమన్న నది నిలువదు. మెయిల్‌డిర్ అను పద్ధతిలో ప్రతి లేఖయు నొక ప్రత్యేకపు దస్త్రము. వచ్చిన వెంటనే యది ‘న్యూ’ యను సంచిలో బడును. పిదప ‘కర్’ అను సంచికి మాఱును. చదివినచో దస్త్రపు పేరు చివర నొక యక్షరము చేరును. లేఖను చదువుటయే దాని చిరునామాను మార్చుచున్నది! రేకపల్లికి నూటనలువది యేండ్లలో మూడుమాఱులు జరిగినది లేఖ కొక్క పూటలో జరుగుచున్నది.

నామమన్ననో స్థిరము. 1982 నాటి ఆర్.ఎఫ్.సి. 822 అను ప్రమాణపత్రము ‘మెసేజి-ఐడి’ యను లక్షణమును వివరించినది. లేఖ పుట్టిన యంత్రము దానికొక పేరు పెట్టును. లోకమున మఱి యే లేఖకును ఆ పేరుండరాదు. ప్రత్యుత్తరములు పూర్వలేఖను ఈ పేరుతోనే స్మరించును. 1997లోను, సవరణతో 1998లోను వెలువడిన ప్రమాణములు ‘మిడ్’ అను ముందుమాటతో ఈ పేరునే లంకెగా వ్రాయుటకు మార్గమేర్పఱచెను. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు ప్రారంభించిన ఆర్గ్‌మోడ్ అను టిప్పణవ్యవస్థయు మెసేజి-ఐడిని వాడుకొనును. అయినను అందలి కొన్ని లంకెలు నామమునకు ముందు సంచిపేరును గూడ జేర్చును. ఇది నాకు సమ్మతము కాదు. జిల్లాపేరు లేక కాగితము వెదకలేని గుమాస్తా తీరు ఇందును గన్పట్టుచున్నది. నాట్‌మచ్ వంటి సూచికలు సంచితో నిమిత్తము లేక కేవలనామముననే లేఖను దెచ్చి చూపును.

సూచిక లేనిచో నామము మూగది. లేఖను దుడిచివేసినచో నామముండియు ఫలము లేదు. కావున లంకె ప్రక్కనే పంపినవారి పేరును, తేదిని, లేఖాసారమును ఒకటి రెండు పంక్తులలో వ్రాసికొనుట మంచిది. గ్రామమును గూర్చిన లేఖయైనచో, ఆ సంగతి జరిగిన నాటికి గ్రామమే తాలూకాలో నుండెనో యదియు జేర్పవలెను.