నేల నిలిస్తేనే ఇల్లు నిలిచేది

స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఎగ్ అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు దీవంతా ఒక్క భూస్వామిదే. ఎప్పుడు ఖాళీ చేయమంటారోనన్న భయంతో కౌలుదార్లు కారే కప్పును కూడా బాగుచేయించుకోలేకపోయేవారు. చివరికి దీవివాసులే నడుం కట్టారు. స్థానిక కౌన్సిల్, ఒక వన్యప్రాణి సంరక్షణ సంస్థతో కలిసి ట్రస్టు ఏర్పరచుకున్నారు. వేలమంది పంపిన చందాలతో 1997 జూన్ 12న, సుమారు 15 లక్షల పౌండ్లకు దీవిని సొంతం చేసుకున్నారు. ట్రస్టు వారికి దీర్ఘకాల కౌలు హక్కులిచ్చింది, పాత ఇళ్లు బాగుచేయించింది. అప్పుడు 65 మంది దాకా ఉన్న దీవిలో ఇప్పుడు వందకు పైగా ఉన్నారు. బయటికి వెళ్లిన యువత కొందరు తిరిగొచ్చి ఇళ్లు కట్టుకున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 1/70 చట్టం కోసం మన పెద్దలు ఎందుకు అంత పట్టుబడతారో ఇప్పుడు ఆలోచించండి. ఇల్లు మంజూరైతే సంతోషమే. దాని కింది నేల కూడా మన చేతిలో ఉండాలి.