నేరస్థ జాతుల చట్టం రద్దు – నెల్లూరు సీమ ప్రసంగం

పుట్టుకను బట్టి కొన్ని కులాలను, తెగలను నేరస్థులుగా ముద్ర వేసిన వలస పాలన చట్టానికి వ్యతిరేకంగా సాగిన రాజకీయ వాదనలో నెల్లూరు సీమకు ముఖ్యమైన చోటుంది. సూళ్లూరుపేట, శ్రీహరికోట, పులికాట్ తీరాల్లో తరతరాలుగా బతుకుతున్న యానాదులకు ఇది సొంత చరిత్ర.

నేపథ్యం
1871లో ఉత్తర భారతంలో మొదలైన ఈ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది దాన్ని సమర్థించినవారి వాదన. చట్టం కిందికి వచ్చినవారు పోలీసులకు వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, పొరుగూరికి వెళ్లాలంటే పాస్ తీసుకోవాల్సి ఉండేది. ప్రభుత్వ ప్రకటనను కోర్టులో సవాలు చేసే వీలు ఉండేది కాదు. ఈ జాతులవారిని నిఘాలో ఉంచిన స్టూవర్టుపురం, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్లు ఈ విధానం నుంచి పుట్టినవే. ఎరుకలతో పాటు యానాదుల్లో కొందరూ ఈ జాబితాకెక్కారు. రైతులు తమ చేలకు కావలి పెట్టుకున్నది యానాదులనే. పంటను నమ్మి అప్పగించిన చేతులనే చట్టం అనుమానించింది.

వాదన తీరు
1936 అక్టోబరులో నెల్లూరులో మాట్లాడిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టం నిబంధనలు ఘోరమైనవని, పౌర స్వేచ్ఛకే విరుద్ధమని ఖండించారు. ఏ తెగనూ మొత్తంగా నేరస్థ తెగ అనడానికి వీల్లేదని, దాని అమలు తీరును జనానికి విస్తృతంగా తెలియజెప్పి రద్దు చేయించాలని కోరారు. ఆ ప్రసంగం బలమంతా అది ఎంచుకున్న దారిలో ఉంది. ఆయన జాలి అడగలేదు. నేరం మనిషి చేసే పని, కులం చేసే పని కాదన్న న్యాయసూత్రాన్నే పాలకుల ముందు నిలబెట్టారు. దాంతో కొన్ని తెగల కష్టం దేశ పౌరులందరి హక్కుల ప్రశ్నగా మారింది. యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన నెల్లూరు సీమ నాయకుడు వెన్నెలకంటి రాఘవయ్య ఈ పోరాటాన్ని జనంలో నిలబెట్టారు. రాజ్యాంగ సభలో హెచ్.జె. ఖండేకర్ ఇదే అన్యాయాన్ని ఎత్తిచూపారు.

రద్దు, ఆ తర్వాత
మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పడిన సంఘం దేశమంతటా రద్దుకు సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న ఆ జాతులు విముక్తమయ్యాయి. అయితే వాటి స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో అలాంటి చట్టం చేసింది. పాత ముద్ర జైళ్లలోనూ కొనసాగింది; కులాన్ని బట్టి ఖైదీలకు పనులు అప్పగించే జైలు నిబంధనలను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదనీ పోలీసులను ఆదేశించింది. నెల్లూరులో 1936లో వినిపించిన వాదన న్యాయస్థానంలో గెలిచినా, పోలీసు ఠాణాల్లోనూ గెలిచినప్పుడే రద్దు పూర్తయినట్టు.