షెఫీల్డు మేడమీద ముగ్గురు

మనోధర్మం అనే మాట మనకు కొత్తది కాదు. ఆలాపన అయినా కల్పనస్వరమైనా అప్పటికప్పుడు పుట్టే సంగీతమే. అయితే ఆ పుట్టుకకు ఒక ఇల్లుంది. తోడి పాడే విద్వాంసుడు తోడి గడప దాటడు. స్వరం ఎంత దూరం పోయినా పల్లవి ఎత్తుగడ దగ్గరికి వచ్చి వాలవలసిందే. అలాంటిది రాగమూ తాళమూ లేకుండా, ముందుగా అనుకున్నది ఏదీ లేకుండా, ముగ్గురు ఒకరినొకరు వింటూ వాయిస్తారంటే మన పెద్దలు నవ్వి ఊరుకునేవారేమో! 1960లలో ఇంగ్లండులో అలా వాయించిన ముగ్గురి సంగతి కచేరీలు వినే మనకు తెలియడం మంచిదని నాకనిపిస్తుంది.

ఊరు షెఫీల్డు. ఉక్కుకూ కత్తులకూ పేరుపడ్డ ఊరు, లండనుకు బాగా ఉత్తరాన ఉంది. గిటారు వాయించే డెరెక్ బెయిలీ 1930లో అక్కడే పుట్టాడు. డాన్సు బృందాల్లో వాయించి పొట్టపోసుకున్నవాడు. డ్రమ్స్ వాయించే టోనీ ఆక్స్‌లీ 1938లో అదే ఊళ్ళో పుట్టి, సైనిక బ్యాండులో చెయ్యి తిప్పుకుని వచ్చాడు. మూడోవాడు గావిన్ బ్రైయర్స్, 1943లో పుట్టినవాడు, అప్పటికి షెఫీల్డు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకుంటున్న కుర్రాడు. అతనిది డబుల్ బేస్. 1963లో ముగ్గురూ కలిశారు. ‘గ్రేప్స్’ అనే పబ్బు మేడమీద గదిలో శనివారం మధ్యాహ్నాలు వాయించేవారు.

తమ బృందానికి ‘జోసెఫ్ హోల్‌బ్రూక్’ అని పేరు పెట్టుకున్నారు. అది వాళ్ళలో ఎవరి పేరూ కాదు. 1958లో చనిపోయిన ఒక ఆంగ్ల స్వరకర్త పేరు. పుట్టలుపుట్టలుగా రాసి, ఒకప్పుడు పేరు తెచ్చుకుని, ఆ తర్వాత అందరూ మరిచిపోయినవాడు. ఆయన బాణీకీ వీళ్ళ వాయింపుకూ ఏ చుట్టరికమూ లేదు. ఆ కొంటెతనం నాకు నచ్చింది.

మొదట్లో వాళ్ళు వాయించింది అందరూ వాయించే జాజే. జాజ్‌లో ఒక పాటకు స్వరమేళనాల వరుస ఒకటి ఉంటుంది. మన తాళావర్తంలాగా అది తిరిగి తిరిగి వస్తుంది. దానిమీద వాద్యగాడు తన కల్పన అల్లుతాడు. ఈ ముగ్గురూ ఆ కట్టును ఒక్కరోజులో తెంచుకోలేదు. ముందు ఆక్స్‌లీ లయను గీతలకు అడ్డంగా నడిపించాడు. తర్వాత కోల్ట్రేన్ చూపిన దారిలో మేళనాల వరుస తగ్గి, ఒకే స్వరగుచ్ఛం మీద ఎక్కువసేపు నిలవడం వచ్చింది. బెయిలీ మనసు వెబెర్న్ సంగీతం మీదికి పోయింది. అందులో స్వరాలు చుక్కల్లా విడివిడిగా పడతాయి, మధ్య మౌనానికి కూడా బరువుంటుంది. బ్రైయర్స్ జాన్ కేజ్ రాతలు చదివాడు. ఇలా ఒక్కో ఊతకర్రా జారవిడుస్తూ పోతే 1965 నాటికి లెక్కపెట్టుకునే తాళం కూడా పోయింది. మిగిలింది చెవి ఒక్కటే. రాజధానిలో ఉంటే ఎవరో ఒకరు ఇది ఫలానా పద్ధతి అని పేరు పెట్టి చేతిలో పెట్టేవారు. షెఫీల్డులో అలా చెప్పేవాడు లేకపోవడం వల్లనే వాళ్ళ దారి వాళ్ళకు దొరికిందని నా నమ్మకం.

1966లో బృందం విడిపోయింది. ఆక్స్‌లీ లండనులో రోనీ స్కాట్ క్లబ్బులో కుదిరాడు. 1969లో జాన్ మెక్‌లాఫ్లిన్ మొదటి రికార్డులో డ్రమ్స్ అతనివే. తరువాతి రోజుల్లో ‘శక్తి’లో మన విక్కు వినాయకరం ఘటం పక్కన కూర్చున్న మెక్‌లాఫ్లిన్ ఇతనే. బెయిలీ, ఆక్స్‌లీ, ఎవాన్ పార్కర్ కలిసి 1970లో ‘ఇంకస్’ అనే రికార్డుల సంస్థ పెట్టారు.

బ్రైయర్స్ మాత్రం ఆశుసంగీతానికే నమస్కారం పెట్టేసి, రాసే సంగీతం వైపు తిరిగాడు. ‘టైటానిక్ మునక’ మీద 1969లో మొదలుపెట్టిన రచన అతనికి పేరు తెచ్చింది. తాను ఎందుకు మానుకున్నాడో బెయిలీ 1980లో వెలువరించిన పుస్తకంలోనే అతను చెప్పాడు. ఆశువుగా వాయిస్తే సంగీతాన్ని మనిషినుంచి విడదీయలేమట. బొమ్మ చూడబోతే పక్కన చిత్రకారుడు కూడా నిలబడి ఉన్నట్టట. ఎదుటివాడి వాదనను బెయిలీ తన పుస్తకంలో అలాగే ఉంచడం పెద్దమనసు. ఆ పుస్తకంలో మన దేశపు సంగీతం మీద కూడా అధ్యాయం ఉంది.

బ్రైయర్స్ మాట తేలిగ్గా కొట్టివేయదగింది కాదు. త్యాగయ్య లేకపోయినా త్యాగయ్య కృతి తిరువయ్యారులో ఏటేటా నిలబడుతోంది. ఒక విద్వాంసుడి ఆలాపన ఆయనతోనే పోతుంది. కానీ మనం కచేరీకి పోయేది ఆ చిత్రకారుణ్ణి చూడడానికే కదా? కృతి తెలిసిందే. ఈ రాత్రి ఈ మనిషి దాన్ని ఎటు తిప్పుతాడో తెలియదు. బ్రైయర్స్ లోపమన్నదాన్నే మనం రుచి అంటాం.

ఆయన పంతం కూడా చివరిదాకా నిలవలేదు. 1998లో ముగ్గురూ మళ్ళీ కలిసి వాయించారు, ముప్పైరెండేళ్ళ తర్వాత! అప్పుడు స్టూడియోలో ముద్రించినది 2006లో వెలువడింది. బెయిలీ 2005 క్రిస్మస్ నాడే కన్నుమూశాడు. ఆక్స్‌లీ 2023 డిసెంబరులో పోయాడు.

గ్రేప్స్ మేడమీది ఆ మూడేళ్ళ శనివారాల్లో వెలుగు చూసినది సుమారు పది నిమిషాల టేపు. 1965 నాటిది, కోల్ట్రేన్ పాట ఒకదాన్ని సాధన చేస్తుండగా పట్టినది. అంటే అందులో వినబడేది వాళ్ళు పూర్తిగా తెంచుకున్న సంగీతం కాదు, తెంచుకుంటున్నది.