అడవి పైసలు: బోర్డు మీద ఉన్నది, లేనిది

దసరా సెలవులకు ముందు మా హాస్టల్ పిల్లలను మెండోర మండలంలోని పోచంపాడ్‌కు, డ్యాం చూపించడానికి తీసుకుపోయాను. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక ఊరి పల్లె ప్రకృతి వనంలో కూర్చుని సద్ది తిన్నాం. గేటు పక్కన ఒక బోర్డు ఉంది. పని పేరు, ఉపాధి హామీ, మంజూరైన మొత్తం, నాటిన మొక్కల సంఖ్య అన్నీ రాశారు. తొమ్మిదో తరగతి బిడ్డ ఒకతి అది చదివి, "మేడం, గీ పైసలు ఎవరియి? సర్కారుయా, మనయా?" అని అడిగింది. ఆమెకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, మీరంతా చదువుతారు కాబట్టి.

నిజాం కాలంలో పైసలు అడవి నుంచి ఖజానాకు పోయేవి, ఖజానా నుంచి అడవికి వచ్చేవి కావు. 1326 ఫస్లీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం ప్రకారం కట్టె కొట్టినా, పశువులను మేపినా లెక్క కట్టాల్సిందే. దొరలకు, నవాబులకు అడవి షికారు చోటు. మన పక్క జిల్లాల్లోని పోచారం అడవి నిజాం వేటాడిన అడవే, 1952లో అభయారణ్యమైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం పోయింది ఆ అడవి హక్కు గురించే. ఆ చరిత్ర మీకు బాగా తెలుసు. దాని తర్వాతి కథ ఎవరూ వేదికల మీద చెప్పరు, అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతాను.

మన జిల్లాలో అడవిని కాపాడటానికి సర్కారు పైసలు పెట్టడం పూడికతో మొదలైందని చెప్పొచ్చు. మంజీర మీద నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఆ నీళ్లతో చెరుకు పండింది, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టే చెరువు, 1970ల నాటికి 12 టీఎంసీలకు పడిపోయింది. పైన గుట్టల మీద చెట్టు పోతే వానకు మట్టి కొట్టుకొచ్చి చెరువు అడుగున పేరుకుంటుంది. చెరువు పూడితే చెరుకుకు నీళ్లు ఉండవు. ఈ సంగతి ఇంజినీర్లకు తెలిసేసరికి చాలా మట్టి వచ్చేసింది.

పోచంపాడ్‌లోనూ అదే కథ. 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1978లో శ్రీరాంసాగర్ అని పేరు పెట్టారు. 112 టీఎంసీల కోసం కట్టిన ప్రాజెక్టు సామర్థ్యం పూడిక వల్ల 90కి, తర్వాత 80కి వచ్చింది. ఎండకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు నందిపేట వైపు బయటపడే ఆ ఒండ్రు నేల మీదే కృష్ణజింకలు మేస్తాయి. మనిషి పోగొట్టుకున్నది వాటికి మేత అయింది.

అందుకే మూడో పంచవర్ష ప్రణాళిక కాలం నుంచే నదీలోయ ప్రాజెక్టుల ఎగువన మట్టి పరిరక్షణకు కేంద్రం నిధులిస్తూ వచ్చింది. కందకాలు తవ్వడం, రాళ్ల కట్టలు వేయడం, మొక్కలు నాటడం ఇందులో పనులు. తవ్వింది ఎవరు? గుట్టల కింద ఉన్న తండాలు, గూడేలవాళ్లే. మా యాడి, బాపు ఇద్దరూ గుంతలు తవ్విన కూలీలే. ఎన్ని గుంతలు తవ్వితే ఎంత కూలి అన్నది యాడికి నోటికి వచ్చు. ఆ పని ఎందుకు చేయిస్తున్నారో మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు.

1988 జాతీయ అటవీ విధానంలో మొదటిసారి, అడవి మీద బతికేవాళ్ల అవసరాలే ముందు అని రాశారు. 1990 జూన్ 1న కేంద్రం ఊరివాళ్లను కలుపుకొని అడవిని కాపాడమని రాష్ట్రాలకు చెప్పింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. 1994లో, మళ్లీ 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ప్రాజెక్టులు నడిచాయి. అప్పు అన్న మాట గుర్తుపెట్టుకోండి, అది దానం కాదు, తీర్చాల్సింది మనందరం. ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు ఆడమనిషి అన్న నియమం అప్పటిదే. మా యాడి పేరు ఒక సర్కారు కాగితం మీదికి కూలీగా కాక సభ్యురాలిగా ఎక్కింది ఆ సమితిలోనే. ఆ ఒక్క సంగతికి నేను ఆ పథకాన్ని ఇప్పటికీ పూర్తిగా తిట్టలేను.

తిట్టాల్సింది కూడా ఉంది. సమితి ఖాతా సమితి అధ్యక్షుడిది, అటవీ ఉద్యోగిది కలిపి ఉండేది. మా తండాలో పాస్‌బుక్ ఎప్పుడూ తండాలో లేదు. బాపు కార్యవర్గంలో ఉన్నాడు, ఐదారు చోట్ల వేలిముద్ర వేశాడు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అంటే ఆయనకు తెలియదు. చాలా చోట్ల పోడు చేసుకుంటున్న చెలకల్లోనే సమితి పేరుతో మొక్కలు నాటించారు. తన చెలకలో తానే గుంత తవ్వి, దానికి కూలి తీసుకుని, మరుసటి ఏడాది ఆ చెలకలో అడుగు పెట్టలేకపోయినవాళ్లను నేను చూశాను.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దీన్ని మనవాళ్లు పోడు పట్టాల చట్టం అనే అనుకుంటారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పంపిణీలో రాష్ట్రంలో లక్షా 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలకు పట్టాలు ఇస్తున్నామని ప్రకటించారు. సంతోషమే. కానీ ఆ చట్టంలో మూడో సెక్షన్‌లో ఇంకో హక్కు ఉంది. తరతరాలుగా కాపాడుకుంటున్న సామూహిక అటవీ వనరును కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు ఊరిది. ఐదో సెక్షన్ గ్రామసభకు అడవిని, జంతువులను, నీటి వనరులను రక్షించే అధికారం ఇచ్చింది. వ్యక్తి పట్టా కోసం తిరిగినంతగా ఈ హక్కు కోసం మనం తిరగలేదు. తప్పు ఆఫీసులదే కాదు, మనది కూడా.

ఆ హక్కు ఎందుకు ముఖ్యమో కంపా నిధుల కథ చూస్తే అర్థమవుతుంది. ప్రాజెక్టుకో గనికో అడవి భూమి తీసుకుంటే, తీసుకున్నవాళ్లు బదులుగా మొక్కలు పెంచడానికి, పోయిన అడవి విలువకు డబ్బు కట్టాలి. 1995లో మొదలైన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ డబ్బును ఒక నిధిలో వేయమంది. ఏళ్ల తరబడి అది ఢిల్లీలోనే పేరుకుంది. 2016లో చట్టం చేసి, 90 శాతం రాష్ట్రాలకు అన్నారు. 2019 ఆగస్టులో రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా ఇస్తే, తెలంగాణకు వచ్చింది 3,110 కోట్లు.

మెండోర పిల్లలకు ఇది దూరం సంగతి కాదు. వరద కాలువ మీదుగా శ్రీరాంసాగర్‌లోకి నీళ్లు ఎత్తిపోయడానికి పక్కనే ముప్కాల్‌లో పంపుహౌస్ కట్టారు. ఆ నీళ్లు రావాల్సింది కాళేశ్వరం నుంచి. కాళేశ్వరం కోసం మళ్లించిన అడవి 3,168 హెక్టార్లు. ఒకచోట అడవి పోయినందుకు కట్టిన డబ్బు, ఇంకోచోట మొక్కల నిధి అవుతుంది. పోయిన చోట ఇప్పపువ్వు ఏరుకున్నవాళ్లకు, వచ్చిన చోట టికెట్ కొనుక్కుని లోపలికి పోయేవాళ్లకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. 2018లో చేసిన కంపా నియమాల్లో, ఈ డబ్బుతో చేసే అడవి పనులు గ్రామసభనో వన సంరక్షణ సమితినో సంప్రదించి, అటవీ హక్కుల చట్టానికి లోబడి చేయాలని ఉంది. సంప్రదించడం అంటే ఒప్పుకోవడం కాదు. అయినా అడగడానికి ఒక తలుపు ఉంది.

గోదావరి దాటితే నిర్మల్ జిల్లా. కడెం వైపు కవ్వాల్ అడవి 2012లో పులుల రిజర్వు అయింది. లోపలి మైసంపేట, రాంపూర్ వాళ్లను బయట మద్దిపడగ దగ్గరికి తరలించారు. ఊరు వదిలేవాళ్ల కుటుంబానికి 15 లక్షలు లేదా భూమి, ఇల్లు. అవి కూడా పరిరక్షణ నిధులే. పులికి చోటు కావాలనే నేనూ అంటాను, కానీ వదిలిన ఊరి పేరు ఏ బోర్డు మీదా ఉండదు.

ఇక 2015 జులైలో హరితహారం, 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం. ఆ చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. ఊరికో నర్సరీ, బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి, నాటినవాటిలో 85 శాతం బతకాలన్న నిబంధన. 2020 నుంచి 19 వేలకు పైగా పల్లె ప్రకృతి వనాలు, పట్టణాల పక్క అడవుల్లో నడక దారులతో పార్కులు. కొన్ని చోట్ల వనం నిజంగా బాగుంది, సాయంత్రం ముసలమ్మలు కూర్చుంటున్నారు. కొన్ని చోట్ల గేటుకు తాళం, లోపల గడ్డి. అంతకుముందు తండా పిల్లలు ఆడుకున్న జాగలోనే వనం పెట్టి, ఆటకు జాగ లేకుండా చేసిన ఊళ్లూ ఉన్నాయి.

నిజామాబాద్‌లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు కాబట్టి మనకు పెసా చట్టం వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టం, సమాచార హక్కు, ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఇవేవీ షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితమైనవి కావు. తనిఖీ రోజు మస్టర్ రోల్ అందరి ముందు చదువుతారు. చదువుకున్న పిల్లలు ఆ రోజు పొలంలోనో పట్నంలోనో ఉంటే, వినేది మళ్లీ వేలిముద్రలవాళ్లే.

సెలవులకు ఇంటికి పోతూ ప్రతి బిడ్డా ఊరి బోర్డు రాసుకురావాలని చెప్పాను. పథకం పేరు, ఏడాది, మొత్తం, బతికున్న మొక్కల లెక్క. ఇరవై ఇద్దరు పోయారు, పద్నాలుగు మంది రాసుకొచ్చారు. ముగ్గురి ఊళ్లలో బోర్డు వెలిసిపోయి అంకెలు కనబడలేదట. ప్రశ్న అడిగిన బిడ్డ మొక్కలు లెక్కపెడుతుంటే పంచాయతీ కార్యదర్శి వచ్చి ఎందుకని అడిగాడట. "మా మేడం చెప్పింది" అన్నదట. ఆయన ఇంకేం అనలేదు, రెండో వరుస తానే లెక్కపెట్టి చెప్పాడట. నోట్‌బుక్‌లన్నీ నా బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి చూడొచ్చు.