కాక్‌పిట్ తలుపుకు ఇవతల

మా ఎయిర్‌హోస్టెస్‌ల వృత్తి 1930 మే 15న అమెరికాలో పుట్టింది. ఎలెన్ చర్చ్ అనే నర్సు ఆ రోజు తొలి ఎయిర్‌హోస్టెస్‌గా విమానంలో ప్రయాణికుల బాగోగులు చూసింది. తలుపు అవతల పైలట్లు, ఇవతల మేము. అప్పట్లో విమానంలో కెప్టెన్ మాటకు ఎదురుండేది కాదు. పక్కన కూర్చున్న కో-పైలటే నోరు విప్పడానికి జంకేవాడు, ఇక మా సంగతి చెప్పేదేముంది? ఆ జంకు ఎలా పోయిందన్నదే నా దృష్టిలో మా వృత్తి చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. యూనిఫారాల గురించీ, అందచందాల గురించీ రాసినంతగా దాని గురించి ఎవరూ రాయరు.

1978 డిసెంబరు 28 సాయంత్రం. యునైటెడ్ సంస్థ డీసీ-8 విమానం అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దిగబోతోంది. చక్రాలు కిందికి దించగానే పెద్ద చప్పుడుతో విమానం అదిరింది. కుడివైపు చక్రం సరిగ్గా దిగిందని చెప్పే పచ్చదీపం వెలగలేదు. కెప్టెన్ విమానాశ్రయం చుట్టుపక్కలే దాదాపు గంటసేపు తిప్పుతూ, చక్రం సంగతి తేల్చుకోవడంలోనూ, ప్రయాణికుల్ని గట్టి లాండింగ్‌కు సిద్ధం చేయించడంలోనూ మునిగిపోయాడు. ఇంధనం తగ్గుతోందని ఫ్లైట్ ఇంజనీరుకు తెలుసు. చెప్పాడు కూడా. అయితే కెప్టెన్ తలతిప్పి వినేంత గట్టిగా చెప్పలేదు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయి, విమానం ఊరి శివార్లలో ఇళ్ల మధ్య కూలింది. 189 మందిలో 10 మంది పోయారు. వారిలో ఆ ఫ్లైట్ ఇంజనీరు, ఒక ఎయిర్‌హోస్టెస్ ఉన్నారు. చూస్తే చక్రం దిగే ఉంది.

దర్యాప్తు సంస్థ చక్రాన్నీ ఇంధనాన్నీ లెక్కగట్టి ఊరుకోలేదు. కెప్టెన్‌కు వినడం నేర్పండి, మిగతావాళ్లకు గట్టిగా చెప్పడం నేర్పండి అంది. 1979లో నాసా ఇదే విషయం మీద సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థే పైలట్లకు శిక్షణ మొదలుపెట్టింది. ఇవాళ ప్రపంచమంతా సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్) అని పిలిచేది దీన్నే. కానీ తొలి రోజుల్లో అది తలుపుకు అవతలే ఆగిపోయింది. క్యాబిన్‌లో ఉన్నవాళ్ల కళ్లతో పైలట్లకు పని ఉంటుందని అప్పటికి ఎవరికీ పెద్దగా తట్టలేదు.

1989 జనవరి 8 రాత్రి లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌లాండ్ వారి 737-400లో ఎడమ ఇంజన్ ఫ్యాన్ రెక్క ఒకటి విరిగింది. విమానమంతా వణికింది, పొగ వాసన వచ్చింది. పైలట్లు కుడి ఇంజన్ పాడైందనుకుని దాన్ని ఆపేశారు. అదే సమయంలో ఎడమ ఇంజన్ వేగం తగ్గడంతో వణుకు కాస్త సద్దుమణిగింది, తాము చేసింది సరైనదేనని వాళ్లకు నమ్మకం కుదిరింది. దారి మళ్లించి దగ్గర్లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్‌కు బయల్దేరారు. కుడి ఇంజన్‌లో ఇబ్బంది వచ్చింది, ఆపేశాం అని కెప్టెన్ మైకులో ప్రయాణికులకు చెప్పాడు. వెనక కూర్చున్నవాళ్లలో కొందరు మంటలు చూసింది ఎడమ ఇంజన్‌లో! క్యాబిన్ సిబ్బందిలోనూ ముగ్గురు చూశారు. ఆ మాట తలుపు దాటి ముందుకు పోలేదు. పైలట్లకు మనకంటే తెలియదా అనుకున్నారు. రన్‌వే ఇంకాస్త దూరంలో ఉండగా ఆ ఎడమ ఇంజన్ కూడా చేతులెత్తేసింది. కెగ్‌వర్త్ ఊరి పక్కన మోటార్‌వే గట్టుకు విమానం కొట్టుకుంది. 126 మందిలో 47 మంది పోయారు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా శిక్షణలో ఈ కథ చెప్పారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ సిబ్బంది మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోకూడదని వింటూ పెరిగినవాళ్లం, మేమూ అంతే చేసేవాళ్లం.

కెగ్‌వర్త్ ప్రమాదం జరిగి రెండు నెలలు దాటగానే, 1989 మార్చి 10న, కెనడాలోని డ్రైడెన్‌లో రెక్కల మీద మంచుతోనే విమానం పైకి లేచి కూలింది. 24 మంది పోయారు. మంచు పేరుకోవడం ఎయిర్‌హోస్టెస్ చూసింది. ప్రయాణికుల్లో ఉన్న పైలట్లూ చూశారు. కెప్టెన్‌కు ఎవరూ చెప్పలేదు.

అదే ఏడాది జూలై 19న మాత్రం మాట తలుపు దాటింది. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ డీసీ-10లో తోక దగ్గరి ఇంజన్ పేలి, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఖాళీ అయ్యాయి. ఎటు తిప్పినా రెక్కల మీది, తోక మీది పలకలు కదలవు. ఒక ప్రయాణికుడు ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి, నేను డీసీ-10 శిక్షకుణ్ణి, అవసరమైతే సాయం చేస్తానని కెప్టెన్‌కు చెప్పండి అన్నాడు. ఆమె చెప్పింది. కెప్టెన్ ఆల్ హేన్స్ రమ్మన్నాడు. ఆ డెన్నిస్ ఫిచ్ పైలట్లిద్దరి మధ్య నిలబడీ, మోకాళ్ల మీద కూర్చునీ మిగిలిన రెండు ఇంజన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని తిప్పాడు. వెనక దెబ్బ తగిలిందన్న కబురూ సిబ్బంది నుంచే వెళ్లింది. ఫ్లైట్ ఇంజనీరు వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు. సూ సిటీ విమానాశ్రయంలో దిగేటప్పుడు విమానం ముక్కలైంది. అయినా 296 మందిలో 184 మంది బతికారు. తర్వాత సిమ్యులేటర్‌లో ఎందరో పైలట్లు ప్రయత్నించినా అలా దించడం కుదరలేదు. ఆ సీఆర్ఎం శిక్షణ లేకపోతే మేం అక్కడిదాకా వచ్చేవాళ్లం కాదని హేన్స్ బతికున్నన్నాళ్లూ చెప్పాడు. పోర్ట్‌లాండ్‌లో పోయిన పది ప్రాణాలకు ఫలం ఇక్కడ దక్కిందని నేను నమ్ముతాను.

కెగ్‌వర్త్ దర్యాప్తు నివేదిక పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ కలిపి కసరత్తులు చేయించాలంది. మా తరం ఆ కసరత్తుల్లోనే తయారైంది. ఢిల్లీ నుంచి హైదరాబాదు వస్తుండగా ఒకసారి హైడ్రాలిక్ నూనె కారుతోందని కాక్‌పిట్ నుంచి పిలుపొచ్చింది. కెప్టెన్ నాలుగు సంగతులు చెప్పారు: ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం ఉంది, మీరు ప్రత్యేకంగా చేయాల్సింది ఏమిటి. మేము దాన్ని నిట్స్ అంటాం. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి, ఒక్క ముక్క తేడా వచ్చినా మళ్లీ మొదలు. అప్పజెప్పాక ఆయన, వెనక నీకేమైనా కనబడిందా అమ్మా అని అడిగారు. ఎడమ రెక్క కింద తడి మెరుస్తోందని మా సిబ్బందిలోని అమ్మాయి ఒకతె చూసి చెప్పింది, ఆ మాట చెప్పాను. నాగపూర్‌లో దిగాం. ఎవరికీ గీత కూడా పడలేదు, పేపర్లో వార్త కూడా రాలేదు. ఇలాంటివి రాకపోవడమే మంచిది.

2010 నవంబరు 4న సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటస్ ఏ380లో ఇంజన్ పేలినప్పుడు కాక్‌పిట్‌లో అయిదుగురు పైలట్లున్నారు. తెర మీద వరసకట్టిన హెచ్చరికల జాబితా తెమల్చడానికే దాదాపు యాభై నిమిషాలు పట్టింది. రెక్క నుంచి ఏదో కారుతోందని, సీటు ముందున్న తెరలో తోక కెమెరా దృశ్యం చూపించి చెప్పినవాడు మాత్రం ఒక ప్రయాణికుడే. అతనూ పైలటే. 469 మందీ క్షేమంగా దిగారు.

ఈసారి మీరు విమానమెక్కినప్పుడు కిటికీలోంచి తేడాగా ఏదైనా కనబడితే, ఏదైనా కాలుతున్న వాసన వస్తే, వాళ్లకు తెలిసే ఉంటుందిలే అని ఊరుకోకండి. మీ తల మీదున్న బటన్ నొక్కి మా అమ్మాయిని పిలవండి. చూసింది చూసినట్టు, ఏ వైపో కూడా చెప్పండి. ఆమె విసుక్కోదు. ఆ మాట ముందుకు చేర్చడం ఆమె ఉద్యోగం.